తలకిందుల డేగ

పొద్దున ఏడుకే బండ వెచ్చబడే ఊరు మాది, కర్నూలు.
హంద్రి ఒడ్డు పార్కులో
బేతంచెర్ల రాతి బెంచీ మీద తువ్వాలు పరిచి
మూడు కాళ్ల స్టాండు విప్పుతాను.
దాని నెత్తిన బిగిస్తాను
ఆఫీసు తుక్కు వేలంలో
నాలుగొందల ముప్పైకి పాడుకున్న లెవెల్ గొట్టం.
పాతకాలంది.
దాంట్లో లోకం తలకిందులు.

ముప్పైనాలుగేండ్లు ఇట్లాంటి గొట్టంలోనే చూసినాను
పత్తికొండ చేలు, ఆలూరు నల్లరేగడి,
ఆకాశం నుంచి వేలాడే గడ్డివాములు,
నెత్తి మీద నడిచొచ్చే గొలుసు మనుషులు.
తిన్నగా నిలబడింది ఏది చూసినా
ఇప్పుడు కాస్త అనుమానం నాకు.

ఎగిరే పిట్ట దీనికి చిక్కదు.
వాలిందాన్నే పట్టాలి.
నీళ్ల ట్యాంకు నిచ్చెన, పైనుంచి మూడో మెట్టు,
అదీ జాలెడేగ కచేరీ.
బూడిద వీపు. రొమ్ము మీద ఇటికెపొడి గీతలు.
గురిగింజ కన్ను.
గొట్టంలో గబ్బిలం మాదిరి వేలాడతాది,
కానీ గబ్బిలానికి అంత పొగరు ఉండదు.

"ఏం సారూ, ఇంగా గద్దల భూములు కొలుస్తాండావా?"
చీపురు ఆనించి నిలబడతాడు వాచ్‌మన్ ఉరుకుందు.
ఇది గద్ద కాదు డేగ అని రోజూ చెబుతాను.
రోజూ గద్దనే అంటాడు.

గద్దలు వేరే. అవి ఎనిమిది దాటినాకే.
రోడ్డు అవతల హుసేన్ పీరా కోళ్ల అంగడి వెనక
పేగులు గుప్పిట్లో చుట్టి పైకి విసురుతాడు.
ఇంతవరకు ఒక్కటి
నేల మీద పడింది నేను చూడలే.

ఆ గద్దల్లో ఒకటి నిన్న
కానుగ చెట్టు వైపు తిరిగింది.
ఎక్కడుండెనో పసులపోలిగాడు,
పిడికెడు లేదు, చీలిన తోక, బొగ్గు రంగు,
దాని వీపు మీదెక్కి పొడిచి పొడిచి తరిమింది
కానుగ నుంచి తురాయి దాకా,
తురాయి నుంచి ప్రహరీ గోడ దాకా.
గోడ కాడ ఆగిపోయింది.
ఒక గజం ముందుకు పోలే.
అడంగల్లో పేరు లేదు, సర్వే నంబరు లేదు,
ఎవరు పాతినారు దానికి రాయి?

దేవనకొండ పక్కన నేనొక రాయి పాతినాను.
మూడు లింకులు తప్పు.
అంటే రెండడుగులు కూడా నిండవు.
తిక్కయ్య, రంగముని ఆ రెండడుగుల మీద
పదకొండేండ్లు కోర్టుకు తిరిగినారు.
గొలుసు మెలిక పడిందని నాకు తెలుసు.
రాత్రి లెక్క వేసుకున్నప్పుడే తెలుసు.
రాయి అట్లే ఉంది.
దాని మీద ఇప్పుడు ఏ పిట్ట కూర్చుంటాదో.

ఈ పొద్దు హుసేన్ పీరా మనవరాలు తస్లీమ్ వచ్చింది.
ఎనిమిదేండ్లు. చేతిలో ఉగ్గాని పొట్లం.
ఒక కన్ను గొట్టానికి ఆనించి
రెండో కన్ను అరచేత్తో మూసుకుని
"తాతా, పట్టు తప్పితే మబ్బుల్లో పడతాది!" అంది.
పడదులే అన్నాను.
అన్నానో లేదో
నిచ్చెన మెట్టు ఖాళీ.

చప్పుడు లేదు. కానుగ కింద గాలి చిరిగినట్టు
ఒక్క అరుపు, సగం అరుపు.
గోరింకలు నోరు మూసుకున్నాయి.
ఉడుత కొమ్మకు అతుక్కుపోయింది.
తస్లీమ్ ఇంకా గొట్టంలోనే ఉంది.
"పైకి పడిపోయింది తాతా," అంది,
"పిట్ట పైకి పడిపోయింది."

నేను చూపించలేదు.
తనే వెతుక్కుంది, రెండు కండ్లతో, నేల మీద.
పికిలిపిట్ట ఈకలు, ఊదితే లేచేటివి.
ఒకటి ఎర్రది, తోక కిందిది.
దాన్ని ఉగ్గాని పొట్లం కాయితంలో మడిచిపెట్టుకుంది.
ఏడవలేదు.
"అది రోజూ తింటాదా?" అని అడిగింది.
రోజూ దొరకదు అన్నాను.
"మరి దొరకని రోజు?"
దానికి నా దగ్గర కొలత లేదు.

ఉరుకుందు చీపురు తెచ్చి తక్కినవి ఊడ్చేసినాడు.
"గద్ద గదా సారూ," అన్నాడు.
ఈసారి నేనేమీ అనలేదు.

ఎండ మెడ మీదికొచ్చింది. స్టాండు మడిచినాను.
మట్టిలో మూడు గుంతలు మిగిలినాయి.
ఒక గుంతలో చీమలు.
గోరింక దిగి
తల పక్కకు వంచి
తిన్నగానే చూసింది వాటిని.